అయిదులోపల చేరాల్సిన సామాను

కామాక్షయ్య ఒక పని తలకెత్తుకున్నాడంటే ముందు దానికో కాగితం రాస్తాడు. కృష్ణపట్నానికి దక్షిణాన సముద్రం ఒడ్డునున్న పాలెంలో జాలర్ల సహకార సంఘానికి ఆయన కార్యదర్శి. ఆ ఏడు, అంటే 1961లో, నెల్లూరు ఎగ్జిబిషన్‌లో సంఘానికి ఒక స్టాలు దొరికింది. సాయంత్రం అయిదులోపల స్టాలు నిలబెట్టకపోతే ఆ జాగా పక్కనున్న బియ్యం మిల్లులవాళ్ళకు పోతుంది. మర్నాడు పొద్దున పెద్ద ఆఫీసరు చూడటానికి వస్తాడు. స్టాలంటూ ఉంటేనే ఆయన్ను నిలేసి పాలేనికి ఐసు ఫ్యాక్టరీ అడగవచ్చు. ఐసు లేక, పాలెం చేప నెల్లూరు చేరేసరికి పిల్లి కూడా మూతి తిప్పుకుంటోంది. ఆ సంగతి తలుచుకుంటే కామాక్షయ్యకు నిద్రపట్టేది కాదు.

సంఘం అధ్యక్షుడు గంగులయ్య ముందురోజే నెల్లూరు వెళ్ళాడు. ఆసుపత్రిలో పన్ను నొప్పి చూపించుకుని, అట్నుంచి అటే పోయి స్టాలు జాగాకు కాపలా ఉంటాడు. సామాను చేర్చే భారం కామాక్షయ్యది. కాలువ రేవు దాకా ఎద్దుబండి, కృష్ణపట్నం దాకా పడవ, అక్కణ్ణుంచి లారీ. ఏ గంటకు ఎక్కడుండాలో కాగితం మీద వేసుకున్నాడు.

కాగితం వెనక సామాను జాబితా ఉంది. పందిరికి పచ్చి వెదుళ్ళు. చుట్టూ కట్టడానికి తెల్లగుడ్డ తాను. కొబ్బరి తాడు. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళకని కొత్త కుండ, ఎండురొయ్యలతో కలిపి పెట్టడానికి బస్తాడు బొరుగులు, ఆఫీసరు మెడలోకి బంతిపూల దండ. ఇవన్నీ ఒకే బండిలో కనబడితే మనలో ఎవరికైనా ఒకటే తోస్తుంది. కామాక్షయ్యకు మాత్రం స్టాలు తోచింది. చదువుకున్నవాడు గదా పాపం!

తెల్లవారుజామున బండి నరసయ్య వచ్చి, సామాను చూసి, నోరెత్తకుండా ఎద్దుల మెడలో గంటలు విప్పేశాడు. అలాంటి సామాను తీసుకుపోయేవాణ్ణి 'ఎవరు పోయారు' అని ఎదురుగా అడగడం ఆ పక్క మర్యాద కాదు. నిద్రపోయేవాళ్ళకు ఇబ్బంది కలగకూడదని గంటలు తీశాడనుకుని కామాక్షయ్య మెచ్చుకున్నాడు.

రేవులో పడవ ముత్యాలయ్య తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. అప్పటికే ఎక్కించిన ఉప్పు బస్తాలు గబగబా దింపేశాడు.

"ఉప్పు రేపైనా పోతాది. ముందు మీరు ఎక్కండి సామీ," అన్నాడు. నేల చూపులు చూస్తూ, "గంగులయ్యన్న యాడుండాడు?" అని అడిగాడు.

"నిన్న నెల్లూరు ఆసుపత్రికని పాయె. ఈ సామానంతా ఆయన దగ్గిరికే. అయిదులోపల చేరకపోతే అంతా చెడిపోతాది ముత్యాలయ్యా!"

"బంగారట్టాంటి మనిషి సామీ."

"ఆయన లేకుంటే సంఘం యాడిది?" అన్నాడు కామాక్షయ్య మనస్ఫూర్తిగా.

గట్టున నిలబడి ఈ మాటలు విన్న నరసయ్య ఖాళీ బండిని పాలేనికి పరుగెత్తించాడు. కృష్ణపట్నంలో సామాను లారీకెక్కేసరికి వెనకాలే రెండు పడవలు వచ్చి ఆగాయి. వాటిలో పాలెం జనం నలభైమంది. లారీ డ్రైవరు మస్తానయ్య వాళ్ళ ముఖాలు చూసి, "ఎక్కండమ్మా అందరూ" అని వెనక తలుపు దించాడు. ముందు సీట్లో కూర్చుని కాగితంతో గడియారం సరిచూసుకుంటున్న కామాక్షయ్య, స్టాలంటే జనానికి ఇంత అభిమానమా అని ఉబ్బిపోయాడు.

లారీ ఊరు దాటగానే వెనకనుంచి ఒక్కసారిగా ఏడుపులు లేచాయి. అన్నిటికంటే పైన గంగులయ్య భార్య నాగులమ్మ గొంతు. "నన్నొదిలి పోతివా!"

"ఏంది మస్తానయ్యా, ఎందుకేడస్తుండారు?"

"మీ గంగులయ్య చచ్చిపోతే ఏడవక నవ్వతారా సామీ?"

కామాక్షయ్య చేతిలో కాగితం జారిపోయింది. పెళ్ళామే ఏడుస్తుంటే ఇక అనుమానమేముంది? తనొక్కడికే కబురు అందలేదన్నమాట.

"పన్ను నొప్పికి ప్రాణం పోతాదా?"

"పోయే కాలమొస్తే పన్నేంది, గోరు చాలదా?"

కామాక్షయ్య కండువాలో ముఖం పెట్టుకుని భోరుమన్నాడు. కాసేపటికి ముక్కు తుడుచుకుని, "వెదుళ్ళుండాయి, గుడ్డుంది. అన్నీ ఆయనకే వాడేద్దాం. ఐసు ఫ్యాక్టరీ పోతే పోయింది," అన్నాడు. ఆ ఫ్యాక్టరీ కోసం మూడేళ్ళు తిరిగిన మనిషి. ఆ మాట అనడానికి ఎంత కష్టపడ్డాడో ఆయనకే తెలుసు.

నాలుగున్నరకు లారీ ఎగ్జిబిషన్ మైదానంలో ఆగింది. స్టాలు జాగాలో చాప మీద గంగులయ్య వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పన్ను పీకినచోట వాపు తగ్గాలని గడ్డం కిందనుంచి నడినెత్తికి తెల్లగుడ్డ కట్టి ఉంది. కదలిక లేదు. ఇంకేం కావాలి? ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటూ చుట్టూ కూలబడ్డారు. మగవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూనే వెదుళ్ళు దించి, గంగులయ్య పక్కన ఒకటి పరిచి, కొలత చూసి కత్తి ఎత్తారు.

అంత గోలకు గంగులయ్య కళ్ళు తెరిచాడు. ముందు పెళ్ళాన్ని చూశాడు, తర్వాత కత్తిని. నెత్తిమీద ముడి లాగేసుకుని లేచి కూచున్నాడు.

"నరకబాకండిరా! అది స్టాలు గుంజ!"

ఏడుపు టక్కున ఆగిపోయింది. నాగులమ్మ మొగుడి ముఖం రెండు చేతులా పట్టుకుని తడిమి చూసుకుంది. ప్రాణం ఉందని రూఢి చేసుకున్నాక, అంతమందిలో ఆ ప్రాణానికి చెయ్యగలిగిన మర్యాద అంతా నోటితో చేసింది. కామాక్షయ్య ఆనందం పట్టలేక గంగులయ్యను వాటేసుకుని, వాచిన దవడ మీదే ముద్దు పెట్టాడు. గంగులయ్య పెట్టిన కేక మిల్లులవాళ్ళ స్టాల్లోకి వినపడింది.

"కూలోళ్ళందర్నీ ఆ మిల్లులోళ్ళు తీసకపొయినారు," అన్నాడు గంగులయ్య దవడ పట్టుకుని మూలుగుతూ. "స్టాలెవరు కడతారయ్యా?"

కామాక్షయ్య కాగితంలో అన్నీ ఉన్నాయి, కట్టే మనుషులు తప్ప. కానీ ఎదురుగా నలభైమంది ఉన్నారు, ఒక్క పూటలో వలలపాక వేసే మనుషులు. అయిదు కొట్టేసరికి గుంజలు పాతారు, గుడ్డ కట్టారు, కుండలో నీళ్ళు నింపారు. మిల్లులవాళ్ళు వచ్చి చూసి, ఇన్ని బొరుగులు నోట్లో వేసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు వచ్చిన ఆఫీసరు, ఏ స్టాలు ముందూ లేనంత జనాన్ని ఇక్కడ చూశాడు. అందరి కళ్ళూ ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"వీళ్ళంతా సముద్రం ఒడ్డునుంచి వచ్చారా? రాత్రి నిద్ర కూడా పోయినట్టు లేరే!"

"సంఘమంటే ప్రాణం సార్," అన్నాడు కామాక్షయ్య.

ఆఫీసరు కదిలిపోయి అక్కడికక్కడే ఏదో రాసుకున్నాడు. ఏడాది తిరక్కుండా పాలేనికి ఐసు ఫ్యాక్టరీ మంజూరైంది.

ఆ తర్వాత మళ్ళీ ఎగ్జిబిషన్‌కు పిలుపొచ్చింది. సామాను ఎట్లా చేర్చాలో తేల్చడానికి సంఘం సమావేశమైంది. కామాక్షయ్య కొత్త కాగితం తీయబోతుంటే నాగులమ్మ లేచి నిలబడింది.

"పోయినసారి పద్ధతే బాగుండాది. కాకపోతే పోయినేడు మా ఆయన చచ్చినాడు గదా, ఈ ఏడు కార్యదర్శి గారు చస్తారు."

తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.