మిస్టర్ బ్రెజిల్ కుర్చీ

మా హేవర్టన్ ఊళ్ళో కాఫీ ధర పెరగలేదని ఇందుమూలంగా తెలియజేయడమైనది. కప్పుకు డెబ్బై అయిదు సెంట్లు ఎక్కువైన మాట వాస్తవమే. అయితే ఆ డెబ్బై అయిదు సెంట్లూ విదేశీయుడు కట్టుకుంటాడు కనుక వాటిని ధరలో కలిపి మాట్లాడటం దేశభక్తుల లక్షణం కాదని పొద్దుటి బల్ల ఏకగ్రీవంగా తీర్మానించింది.

పొద్దుటి బల్ల అంటే ఆర్డిస్ కేఫ్‌లో కిటికీ పక్కనున్న పెద్ద బల్ల. అమెరికాలోని ఈ నెబ్రాస్కా రాష్ట్రంలో మా అంతటి ఊరేదైనా మేయరు లేకుండా నడుస్తుంది గాని అలాంటి బల్ల లేకుండా నడవదు. పొలాలు కొడుకులకు అప్పగించి, సలహాలు మాత్రం తమ దగ్గరే అట్టేపెట్టుకున్న రైతులు తెల్లవారగానే అక్కడ చేరతారు. నేను ఊరి వారపత్రిక సంపాదకుణ్ణి. పత్రికాస్వాతంత్ర్యం మీద గౌరవం కొద్దీ నాకూ అక్కడ ఒక కుర్చీ వేశారు.

ఎవరి కాఫీకి వాళ్ళు డబ్బులివ్వడం మా వైపు మర్యాద కాదు. తోలు డబ్బాలో అయిదు పాచికలు వేసి గిలకరించి బల్ల మీద బోర్లిస్తాం. అందరికన్నా తక్కువ పడినవాడు బల్లంతటికీ కడతాడు. ఆ తరవాత కప్పు ఎన్నిసార్లు ఖాళీ అయితే అన్నిసార్లూ ఆర్డిస్ వచ్చి ఉచితంగా నింపాలి. ఈ హక్కు రాజ్యాంగంలో కనిపించకపోవడానికి కారణం అచ్చువేసినవాళ్ళ అజాగ్రత్త అని మా వాళ్ళ గట్టి నమ్మకం.

ఆర్డిస్ అరవై దాటిన మనిషి. మొగుడు పోయాక ఒంటి చేత్తో ఆ కేఫ్ నడుపుతోంది. ఆమెకున్న ఆస్తీ అదే, కాలక్షేపమూ అదే. కోతలు మొదలయ్యే రోజుల్లో ఒకనాడు ఆమె కాఫీ పాత్ర పట్టుకుని మా బల్ల దగ్గర నిలబడింది.

"బయటి దేశాల కాఫీ గింజల మీద సుంకం వేశారట. సరుకు తెచ్చేవాడు ధర పెంచేశాడు. నేనూ పెంచక తప్పదు. ఆ పెంచింది మీరివ్వకపోతే నవంబరు ఆఖర్లో థాంక్స్‌గివింగ్ పండగ నాటికి ఈ తలుపు మూసెయ్యాల్సిందే. తరవాత చెప్పలేదంటారని ముందే చెబుతున్నా," అంది.

అప్పుడు వెర్లిన్ స్ట్రూబే లేచి నిలబడ్డాడు. ఆయన ఒకప్పుడు జిల్లా కలుపు నివారణ సంఘానికి అధ్యక్షుడిగా వెలిగినవాడు. అందుచేత అంతర్జాతీయ వాణిజ్యం ఆయనకు కొట్టిన పిండి.

"సోదరులారా, సుంకం అంటే ఏమిటి? మన గడప తొక్కినందుకు పరాయివాడు చెల్లించుకునే కప్పం. ఆ కప్పం మనమే కడితే ఇక మన గడపకి విలువేముంది? ఆర్డిస్, నువ్వు ఊరికే కంగారు పడుతున్నావు. కట్టేవాడు వేరే ఉన్నాడు."

"ఎక్కడున్నాడు?"

"బ్రెజిల్లో."

"అక్కణ్ణించి వచ్చి నా చేతిలో పెడతాడా?"

"పెట్టక ఎక్కడికి పోతాడు? సుంకం అన్నాక కట్టాలిగా," అన్నాడు వెర్లిన్, చంటిపిల్లకు చెప్పినంత ఓపికగా.

కట్టేవాణ్ణి ఆటలో చేర్చుకోకపోవడం అన్యాయమని మా వాళ్ళకు వెంటనే తోచింది. న్యాయం విషయంలో మేం రాజీపడం. పక్క బల్ల దగ్గరి కుర్చీ ఒకటి లాక్కొచ్చి, దాని మీద విత్తనాల కంపెనీ టోపీ ఒకటి పెట్టి, దానికి మిస్టర్ బ్రెజిల్ అని పేరు పెట్టాం. ఆర్డిస్ చేత ఆయనకూ ఒక కప్పు పోయించాం. ఆయన తాగడు కనుక, వృథా చేయడం పాపం కనుక, ఆ కప్పు కూడా మేమే తలా కాస్తా తాగేవాళ్ళం.

ఆయన తరఫున పాచికలు వెర్లిన్ వేశాడు. ఇక్కడ ఒక సాంకేతిక సమస్య వచ్చింది. విదేశీ సరుకు మీద సుంకం ఉన్నప్పుడు విదేశీయుడి పాచికల మీద ఎందుకు ఉండకూడదు? అయిదింటిలో రెండు సరిహద్దు దగ్గర ఆపేశారు. మిగిలిన మూడింటితో మిస్టర్ బ్రెజిల్ హుందాగా ఆడి, మొదటి రోజే ఓడిపోయాడు. మర్నాడూ ఓడిపోయాడు. అంత నికార్సయిన ఆటగాణ్ణి మా బల్ల అంతకుముందు ఎరగదు.

"వాడు ఓడాడు, సరే. నా డబ్బులేవి?" అనడిగింది ఆర్డిస్.

"బయల్దేరే ఉంటాయి. మధ్యలో అంత సముద్రముంది, మరి ఆలస్యం అవదూ?" అన్నాడు డ్వేన్ కుచెరా. డ్వేన్ సముద్రాన్ని చూడలేదు గాని దాని కష్టసుఖాలు తెలిసినవాడు.

ఆ మధ్యలోనే మా సోయా గింజలు కొనే విదేశీ వర్తకులు మా సుంకాలకు అలిగి బ్రెజిల్ వెళ్ళి కొనుక్కోవడం మొదలుపెట్టారు. ఊళ్ళో గిడ్డంగులు నిండి, గింజలు బయట కొండల్లా పోసి ఉన్నాయి. డ్వేన్ కొడుకు ట్రాక్టరు అమ్మకానికి పెట్టాడు. దీన్ని చూసి పిరికివాళ్ళు భయపడ్డారు గాని పొద్దుటి బల్ల సంతోషించింది. మన గింజల డబ్బంతా బ్రెజిల్‌కే పోతోందంటే, మన కాఫీకి కట్టే స్తోమత ఆయనకు వచ్చినట్టే కదా.

ఒకరోజు మాత్రం ఘోరం జరిగింది. మిస్టర్ బ్రెజిల్‌కు మూడు పాచికలూ ఆరులే పడ్డాయి. డ్వేన్‌కు అయిదు పాచికలూ కలిపి తొమ్మిది పడింది.

"అంటే ఏమిటి, నా జేబులోంచి తీసివ్వాలా?" అన్నాడు డ్వేన్, మొహం ఎర్రగా చేసుకుని. "మరి సుంకం వేసిందెందుకురా? ఇదంతా ఆ టోపీగాడి కుట్ర."

జాతీయ భద్రత దృష్ట్యా ఆ ఆట చెల్లదని ప్రకటించి, మర్నాటినుంచి మిస్టర్ బ్రెజిల్‌కు ఒకే ఒక్క పాచిక అనుమతించాం. ఆ దెబ్బతో ఆయన మళ్ళీ దారిలో పడ్డాడు.

మంచి పని ఎక్కడ జరిగినా నలుగురికీ పాకుతుంది. గురువారాలు బొంతలు కుట్టుకోవడానికి కేఫ్‌కు వచ్చే ఆడవాళ్ళు, బ్రెజిల్ వాణ్ణి మగవాళ్ళు ముందే కాజేశారు గనక, మిస్టర్ కొలంబియాను తెచ్చుకున్నారు. మంగలి షాపులో ఒక ఖాళీ కుర్చీ వెలిసింది. వీధుల గుంతలు పూడ్చే ఖర్చు మిస్టర్ బ్రెజిల్ పేర రాస్తూ నగర సభ తీర్మానం చేసింది. ఆ సందర్భంలో మేయరు మాట్లాడుతూ, "ఈ ఊరి భారం ఇంత మోస్తూ ఒక్కసారి కూడా ఎదురు మాట్లాడని పౌరుణ్ణి నా జీవితంలో చూడలేదు," అని గద్గదస్వరంతో అన్నాడు. మా పత్రిక ఆ ఏటి ఉత్తమ పౌరుడిగా టోపీ ఫోటో మొదటి పేజీలో వేసింది. ఫోటో బాగా వచ్చింది.

ఈ సమయంలో కేఫ్ సాధించిన అభివృద్ధి కూడా చెప్పుకోవాలి. పళ్ళతో చేసే తీపి రొట్టెలు పెట్టే గాజు బీరువా అమ్ముడుపోయింది, హాలు విశాలమైంది. నాణెం వేస్తే పాడే పెట్టె వెళ్ళిపోయింది, మా ఉపన్యాసాలు స్పష్టంగా వినబడసాగాయి. గది వెచ్చబెట్టే హీటరు తగ్గించేశారు, కోటు విప్పే శ్రమ తప్పింది. వడ్డించే అమ్మాయిని మానిపించారు. చివరికి ఆర్డిస్ తన పికప్ బండి కూడా అమ్మేసి, మంచులో నడిచి పనికి రావడం మొదలుపెట్టింది. నడక గుండెకు మంచిదని మేమందరం ఆమెను మెచ్చుకున్నాం. నిజం చెప్పొద్దూ, తడిసిన బూట్లతో ఆమె గుమ్మంలో నిలబడి ఆయాసపడటం చూసినప్పుడు నాకే చలేసినట్టయింది. వేడి కాఫీ తాగాక సర్దుకుంది.

పండగ ఇంకో వారం ఉందనగా ఆర్డిస్ ఏప్రాన్ విప్పేసి మా బల్ల దగ్గరకు వచ్చింది. టోపీ తీసి పక్కన పెట్టి ఆ కుర్చీలో కూర్చుంది. 

"అది మిస్టర్ బ్రెజిల్ కుర్చీ," అన్నాడు వెర్లిన్ మెల్లిగా.

"తెలుసు. ఆ మిస్టర్ బ్రెజిల్ నేనే."

"వేళాకోళమా?"

"సరుకువాడికి ఇన్నాళ్ళూ డబ్బిచ్చిందెవరనుకున్నావు వెర్లిన్? టోపీయా? పాటల పెట్టె అమ్మింది నేను. బండి అమ్మింది నేను. మీరు తాగిన ప్రతి కప్పుకీ కట్టింది నేను. కాబట్టి ఈ కుర్చీ నాది. ఆ డబ్బా ఇలా ఇవ్వండి. అందరితో పాటు ఆడతాను, ఓడినవాడు కొత్త ధర కడతాడు. కాదంటే రేపు ఈ తలుపు తెరుచుకోదు."

డ్వేన్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. నేను లేని కలం కోసం జేబులు తడుముకున్నాను. మా బల్ల చరిత్రలో మొదటిసారి కాస్త సిగ్గులాంటిది వచ్చి మా మధ్య కూర్చోబోయింది. అంతలో వెర్లిన్ లేచాడు. ఆయన కళ్ళు ఆనందంతో చెమర్చాయి.

"చూశారుగా. మొదటి రోజే నేను చెప్పలేదూ? కట్టేవాడు ఠంచనుగా కడుతూనే ఉన్నాడు. మనకే కనపళ్ళేదు. సోదరులారా, సుంకం పనిచేస్తోంది," అన్నాడు.

మేమంతా చప్పట్లు కొట్టాం. చప్పట్లయ్యాక డ్వేన్ గొంతు సవరించుకుని, ఆవిడ మిస్టర్ బ్రెజిల్ అయిన పక్షంలో విదేశీయుల కిందకే వస్తుందని గుర్తుచేశాడు. నియమం నియమమే కనుక ఆర్డిస్ ముందు ఒక్క పాచిక పెట్టాం.

ఆమె ఆ పాచిక వైపు చాలాసేపు చూసింది. తరవాత పగలబడి నవ్వింది. నవ్వుతూనే లేచి, పాత్రలో మిగిలిన కాఫీ అంతా తొట్టిలో పోసేసి, తలుపుకు వేలాడే పలకను 'మూసివేయబడినది' వైపు తిప్పి, మా కోట్లు మాకిచ్చి బయటికి పంపింది. ఇప్పుడామె పక్క ఊళ్ళో వృద్ధాశ్రమం వంటింట్లో పనిచేస్తోంది. మేం పెట్రోలు బంకులో యంత్రం పోసే కాఫీ మూడు డాలర్లిచ్చి నిలబడి తాగుతున్నాం. అక్కడ కప్పు రెండోసారి నింపరు. ఊరికున్న ఒక్క కేఫ్‌ను నిలువునా ముంచి పారిపోయినందుకు మిస్టర్ బ్రెజిల్‌ను ఖండిస్తూ నగర సభ తీర్మానం చేసింది. దాన్ని మొదటి పేజీలో వేశాం.

పాఠకులకు ఒక మనవి. మా పత్రిక కాగితం కెనడా నుంచి వస్తుంది. దాని మీదా సుంకం పడింది, అందువల్ల వచ్చే వారం నుంచి వెల కాస్త మారుతుంది. మీరేం కంగారు పడొద్దు, కట్టేవాడు వేరే ఉన్నాడు. ఒకసారి మీ ఇంట్లో కుర్చీలన్నీ చూసుకోండి. ఖాళీగా ఉన్నది ఒక్కటీ కనబడకపోతే, ఆయన ఇప్పుడు మీరు కూర్చున్న కుర్చీలోనే ఉన్నాడు.