ప్రతి లైను మీద చైర్మన్ సారు పేరు

మా మండలంల వాగులన్నీ ఇగ నుంచి ఓపెన్ సోర్స్ అని చైర్మన్ సీతయ్య సారు జూన్ మొదట్ల ప్రకటించిండు. వాగులు గావు సార్, వాగుల యాప్ అని పక్కనున్నోళ్లు చెవుల చెప్పిన్రు గనీ, అప్పటికే చప్పట్లు పడ్డయి. చప్పట్లు పడ్డంక మాట వెనక్కి తీసుకునే మనిషి కాదాయన. ఆ గుణానికే నేను ఆయనకు అభిమానిని.

నా పేరు వీరన్న. మండలాఫీసు ఎదురుంగ ఫ్లెక్సీలు కొట్టే దుకాణం నాది. సారు ఇప్పటిదాకా చేసిన పనుల సంగతి నాకు అంతగ తెల్వదు గనీ, ఆ పనుల ఫ్లెక్సీలన్నీ కొట్టింది నేనే.

యాప్ సంగతి చెప్తా. అడవిల వాన పడితే మా రాళ్లవాగు మీది లోలెవల్ వంతెన మునుగుతది. భద్రాచలం దిక్కు గూడేలకు, తండాలకు అదే తొవ్వ. వంతెన పక్కన చేనున్న బిచ్యా కొలత రాయి చూసి, వంతెన మీద నీళ్లెంతున్నయో ఫోన్ల నంబరు కొడ్తడు. యాప్ పచ్చ చూపిస్తే పోవచ్చు, ఎరుపు చూపిస్తే ఆగాలె. మోటర్ల మెకానిక్ అహ్మద్ పాషా బిడ్డ నజియా ఖమ్మంల ఇంజనీరింగ్ చదివొచ్చి, ఇంట్ల కూసొని రెండు నెలల్ల రాసింది దాన్ని. యాప్ నడిపేటందుకు కమిటీ వేసిన్రు. సీతయ్య సారు చైర్మన్, హరిలాల్ వైస్ చైర్మన్, ఇంక తొమ్మిదిమంది సభ్యులు. నజియా దాకా వచ్చేసరికి కుర్చీలు అయిపోయినయి.

మొదటి మీటింగుల ఆమె నిలబడే ఓపెన్ సోర్స్ అంటే ఏందో చెప్పింది. కోడ్ ఎవరన్నా చూడొచ్చు, తప్పుంటే ఎవరన్నా దిద్ది పంపొచ్చు, కమిటీ చూసి కలుపుకోవాలె. ఏ లైను ఎవరు రాసిన్రు, ఎప్పుడు మార్చిన్రు అన్నది అండ్ల ఎప్పటికీ ఉంటది. ఈ చివరి మాటకు సారు కుర్చీల నుంచి లేచిండు.

"అంటే ప్రతి లైనుకు ఒక శిలాఫలకమా?"

"గట్లనే అనుకోండి సార్."

"మరి శిలాఫలకం మీద పేరు ఎవరిదుండాలె?"

మా దగ్గర బోరింగుకైనా బస్ షెల్టరుకైనా దీనికి జవాబు ఒక్కటే. సాయంత్రానికి నాలుగు వందల పన్నెండు లైన్లు సారు పేరు మీదికి మారినయి. పేరున్న లైను తప్పయితే ఆ తప్పు గూడ ఆ పేరు మీదనే పడ్తది సార్ అని నజియా మెల్లగ చెప్పింది. మన దాంట్ల తప్పెట్లుంటది బిడ్డా అని సారు నవ్విండు. అబ్బ, ఏం నమ్మకం!

తర్వాత కాంట్రిబ్యూషన్ నియమావళి వచ్చింది. పన్నెండు అడుగుల ఫ్లెక్సీ. కోడ్ దిద్దాలనుకునే పౌరుడు దరఖాస్తు మూడు కాపీలు, గెజిటెడ్ సంతకంతోని, రెండు పాస్‌పోర్ట్ ఫోటోలు పెట్టి ఇయ్యాలె. కమిటీ వాళ్లంతా చదివినా చదవకున్నా సంతకాలు పెట్టాలె. కొత్త వెర్షన్‌కు మంచిరోజు చూసి రాయి వెయ్యాలె. ఆఖర్ల కలిపేటందుకు కొట్టే పాస్‌వర్డ్ చీటీ సారు అంగి జేబుల ఉంటది. 'అందరూ ఆహ్వానితులే' అని పైన పెద్దక్షరాలు, ఎట్ల రావాలెనో కింద చిన్నక్షరాలు. జాగ సరిపోలేదు, ఏం చేస్తం.

జూన్ ఆఖర్ల ఒకరోజు రూప్లి తడిసి ముద్దయి నా దుకాణానికొచ్చింది. ఆమె ఆశా వర్కర్, రోజూ అవతలి తండాకు మందులు తీస్కపోతది. యాప్ పచ్చ చూపించిందని వంతెన మీదికి స్కూటీ దించితే నడుముల్లోతు నీళ్లు. బిచ్యా తాడు ఇసిరి గుంజకపోతే ఈ కథ నేను ఇట్ల చెప్పేటోన్ని గాదు. నజియా అప్పటికప్పుడు పోయి చూసొచ్చింది. కొలత రాయి మీద మీటర్లున్నయి, యాప్‌ల అడుగులున్నయి. బిచ్యా ఒకటి అని కొడితే అది మీటరు, యాప్ మాత్రం అడుగే కదా అని పచ్చ చూపిస్తది. ఒక్క లైను మారిస్తే అయిపాయె.

"నేను రేపు మళ్ల పోవాలె నజియమ్మా," అన్నది రూప్లి. "ఎన్ని దినాలైతది?"

"మార్చుడు అయిపోయింది అక్కా. ఇగ వాళ్లు కలపాలె."

దరఖాస్తు పోయింది. ఫోటోల చెవులు కనిపిస్తలేవని వాపస్ వచ్చింది. చెవులతోని మళ్ల పోయింది. ఈసారి వైస్ చైర్మన్ హరిలాల్ సంతకాల కాడ తన పేరు మూడో వరుసల పడ్డదని అలిగిండు, ఆయన్ను బుజ్జగించేసరికి పది దినాలు. మూడోసారి అంతా మంచిగున్నది గనీ, ఆషాఢం. సారు పాపం ఎవరికీ చెప్పకుండ తన చేత్తోనే కంప్యూటర్ల కొట్టిండు: "ఆషాఢంల కొత్త వెర్షన్ వద్దు. పాతదే బాగున్నది." పేరు, తేదీతోని సహా అది గూడ అండ్ల ఎక్కింది. అన్ని దినాలూ రూప్లి యాప్ మూసిపెట్టి, బిచ్యాకు ఫోన్ జేసి అడిగి, పానం అరచేతుల పెట్టుకొని వాగు దాటింది. టెక్నాలజీ మీద నమ్మకం లేనోళ్లతోని ఇదే తంటా.

నమ్మకమున్న మనిషి ఎట్లుంటడో సారే చూపించిండు. శ్రావణం ఇంక వారం ఉన్నదనంగ అవతల బోరింగు ప్రారంభానికి బయలెల్లిండు. బిచ్యా రెండు చేతులు ఊపుతనే ఉన్నడు. యాప్ పచ్చ ఉన్నది, పోనియ్ అన్నడు సారు. కారు నాలుగు గజాలు పోయి ఆగింది. ట్రాక్టర్ వచ్చిందాక అరగంట సేపు ఆయన కారు టాపు మీదనే కూసున్నడు. దేవుని దయ, ఎవరికీ ఏం కాలే. తెల్లారి పేపర్ల ఫోటో మంచిగొచ్చింది, జనానికి చెయ్యి ఊపుతున్నట్టే ఉన్నది.

పైనుంచి ఎంక్వైరీ పడ్డది. తప్పు లైను రాసింది ఎవరు, దిద్దకుండ ఆపింది ఎవరు. ఆఫీసరు శుక్రవారం భద్రాచలం దిక్కు నుంచి వస్తున్నడని కాగితమొచ్చింది.

గురువారం సారు నన్ను పిలిపించి ఫ్లెక్సీ చెప్పిండు: 'యాప్ సృష్టికర్త నజియాకు ఘన సన్మానం'. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నాలుగు వందల పన్నెండు లైన్లు, తనకని ఒక్కటి గూడ ఉంచుకోకుండ, పిల్ల పేరు మీద రాసిచ్చిండు. పేరు మార్చితే, మార్చిన సంగతి గూడ అండ్ల ఉంటది సార్ అని నజియా చెప్పబోయింది గనీ, శుక్రవారం పొద్దుగాల్నే శాలువా కప్పిన్రు.

బయట వాన దంచికొడ్తున్నది. సారు జేబుల నుంచి చీటీ తీసి ఆమె చేతుల పెట్టిండు.

"ఇగ అంతా నీదే బిడ్డా. రాసింది నువ్వే, బాధ్యత గూడ నీదే."

"ఇగ నేను కలపొచ్చా సార్?"

"నీ ఇష్టం."

ఆమె స్టేజి మీదనే ఫోన్ తీసింది. శాలువా జారి కిందపడ్డా చూడలే. చప్పట్లు ఆగకముందే హాలుల ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారి మోగినయి. ఎర్రగ వచ్చింది: 'రాళ్లవాగు వంతెన మీద ఒకటిన్నర మీటరు నీళ్లు. దాటొద్దు.' ఆఖరు వరుసల రూప్లి ఫోన్ చూసుకొని, ముఖానికి కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చింది.

సారు ఫోన్ మళ్ల మోగింది. ఆఫీసరు. వంతెనకు అవతల ఉన్నడట, యాప్ ఎరుపు చూపించిందట, కారు మర్లేసుకొని పోతున్నడట. యాప్ ఇంత మంచిగ పనిచేస్తుంటే ఎంక్వైరీ ఎందుకని రాసి పంపుతడట.

సారు ఫోన్ జేబుల పెట్టుకున్నడు. కింద పడ్డ శాలువా తీసి, దులిపి, తన భుజం మీద వేసుకున్నడు. మైకు పక్కకు జరిపి నజియా చెవుల ఒక్కటే మాట చెప్పిండు.

"ఇప్పుడు మార్చినవు చూడు, ఆ లైను ఒక్కటి నా పేరు మీద వెయ్యి."

మిగిలిన నాలుగు వందల పదకొండు ఆమెకే వదిలేసిండు.