ఆకుపచ్చ బోర్డుపై డెట్లెఫ్ దండయాత్ర

బల్ల మీద పదకొండు తీగలుంటాయి, కావలసిన తీగ మాత్రం ఉండదు. ఉన్నా పొట్టిదై ఉంటుంది. పొడుగుది దొరికితే దాని మూతి వేరే పరికరానికి సరిపోతుంది. ఈ అన్యాయాన్ని అడిగే నాథుడు లేడు.

అట్టి కలికాలమున, ఒకానొక శనివారపు అపరాహ్ణమున, వేసర్ నదీశీకరసంసిక్త సమీరములు సైకిళ్ళ సీట్లను తడుపుచుండగా, జర్మనీలోని బ్రేమెన్ నగరమునందు మూతపడిన తివాచీల దుకాణము మీది అంతస్తులో, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంఘము వారి గదిలో, ఉన్ని మేజోళ్ళపై చెప్పులు ధరించినవాడును, పరుల తప్పు దిద్దనిదే అన్నము సహింపనివాడును అగు డెట్లెఫ్ హాఫర్‌కాంప్ కుర్చీ లాగికొని కూర్చుండెను.

ఎదుట అరచేయంత ఆకుపచ్చ బోర్డు. దానిలో, ఏ పని నేర్పితే ఆ పని చేయు చిప్పు. కంప్యూటరు మాటను ఆ చిప్పుకు చేరవేయు రాయబారి లోట్సె అను సాఫ్ట్‌వేర్. దానిని ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు, ఎవరూ జీతమీయరు. ఈ బోర్డు భాషను లోట్సెకు నేర్పుటకై డెట్లెఫ్ రెండేండ్ల ఆదివారములను ధారవోసెను. నేడు నాలుగు గంటలకు లోట్సె కొత్త విడుదల. ఆలోగా బోర్డు పలికినట్లు రుజువు చూపకున్నచో లోట్సె ఎరిగిన బోర్డుల జాబితానుండి దాని పేరు కొట్టివేయబడును. పేరుతోబాటు ఆ రెండేండ్లును.

మూడు గంటలకు ఆజ్ఞాశరమును సంధించెను. తెర పలికెను: "లక్ష్యం కనబడలేదు."

బోర్డుపై చిరుదీపము వెలుగుచునే యున్నది. కావున బోర్డుకు ప్రాణమున్నది. కావున దోషము పరులది. వెంటనే విడుదల బాధ్యురాలు, నార్వేలోని ట్రోండ్‌హైమ్ నివాసిని యోరున్‌కు చాట్‌లో సందేశము పంపెను.

"మీవాళ్ళు ఏదో కెలికారు. మొన్నటిదాకా బాగానే ఉంది."

"చివరగా కెలికింది నువ్వే డెట్లెఫ్. గురువారం. ఆ మార్పు పక్కనే నీ పేరుంది."

"కామా ఒక్కటి తీశాను."

"యాభై నిమిషాలున్నాయి."

అంతట క్రోధారుణితలోచనుడై, తీగలు మార్చి, మార్చిన తీగలను మరల మార్చి, వేగము తగ్గించి, నిరుటి లోట్సెను తవ్వితీసి, దానిచేతను అదే సమాధానము చెప్పించుకొని, ఆ వీరుడు బోర్డును ముక్కుదాక ఎత్తి ఇట్లు గర్జించెను:

"నీ పుస్తకం తొమ్మిదొందల పేజీలు రెండుసార్లు చదివినవాణ్ణి. నా పెళ్ళిరోజున కూడా నీ తొంభై నాలుగో పేజీలో ఉన్నాను. నాతోనా నీ వేషాలు?"

గది బాధ్యురాలు వీబ్కె వెన్నకేకు పళ్ళెముతో వచ్చెను.

"పాపం, అదేమంటోంది?"

"కనబడలేదంటోంది."

"కరెంటుందా దానికి?"

"వీబ్కె, నేను ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను."

"నేనడిగింది అది కాదు మహానుభావా."

"దీపం వెలుగుతోందిగా."

"గుడ్డిగా వెలుగుతోంది."

వీరుడు వినలేదు. 'కొత్త లోట్సెలో దారుణ దోషము' అను శీర్షికతో ఆరువందల మాటల అభియోగపత్రము రచించి, మూడు నలభై ఒకటికి నాలుగువందల మంది చదువు బహిరంగ ఈమెయిల్ బృందమునకు విసిరెను.

ఈలోగా వీబ్కె పళ్ళెము పక్కనబెట్టి, బల్లక్రిందికి వంగినది.

"అయ్యో, ఈ ఎక్స్‌టెన్షన్ బాక్సు స్విచ్ నిన్న నేనే ఆపాను. మనుషులు లేనప్పుడు ఆపి తీరాలని గోడకి లామినేషన్ చేయించి అంటించింది నువ్వే కదా."

బోర్డుకు కరెంటు ఆ బాక్సునుండియే; కంప్యూటరు మాత్రము తన బ్యాటరీతో నడుచుచున్నది. దానినుండి తీగ గుండా కారిన బిందుమాత్ర విద్యుత్తును త్రాగి ఆ దీపము ఇంతసేపు బ్రతికినట్లు నటించినది.

స్విచ్ టిక్కుమనెను. దీపము భగ్గుమనెను. మరల ఆజ్ఞాశరము సంధింపగా, మూడు యాభై ఆరుకు తెర పలికెను: "లక్ష్యం దొరికింది." చిప్పు నేర్చినది, సెకనుకొకమారు కన్నుగొట్టినది. జయము, డెట్లెఫ్ హాఫర్‌కాంప్‌కు జయము! ఒక్క దీపము వెలిగి ఆరుచున్నది!

యోరున్ సందేశము వచ్చెను. "రుజువు అందింది. బోర్డును జాబితాలో ఉంచాను. ఇంతకీ ఏం దిద్దావు? విడుదల చిట్టాలో నీ పేరు మీద ఒక వాక్యం కావాలి. నాలుగువందల మందీ అడుగుతున్నారు."

"'స్విచ్ వేశాం' అని రాయి. రెండు మాటలు," అన్నది వీబ్కె కేకు నములుచు.

డెట్లెఫ్ 'విద్యుత్సరఫరా పరిస్థితుల సమగ్ర మెరుగుదల' అని వ్రాసి, చెరిపెను. 'వీబ్కె సహకారముతో' అని వ్రాసి, అదియు చెరిపెను. ఆ చిట్టాలో ఒకసారి పడినది మరల చెరగదు. అబద్ధము వ్రాయుట ఆయనకు చేతకాదు. నిజము వ్రాయుట అంతకన్న చేతకాదు.

పాఠక మహాశయులారా, మీరైతే ఏం రాస్తారు? కాస్త తొందరగా చెప్పండి, నాలుగు కావస్తోంది.