ఎక్కడికి పిలిచినా వస్తారు

తమిళనాడు ధర్మపురి జిల్లాలో పనిచేసే చేతులకు కొదవ లేదని మా జిల్లా శ్రమశక్తి ప్రదర్శన మండలి వారు లోకానికి చాటినారు. ఆ చేతులు ప్రస్తుతం జిల్లాలో లేవన్నది వేరే సంగతి. (చాటిన రోజు మండలి వారందరూ జిల్లాలోనే ఉండినారు. కానీ వాళ్ళవి పనిచేసే చేతుల కిందికి రావు.)

సంగతేమంటే, ఫోన్లకు వైర్లు చుట్టే పెద్ద కంపెనీ ఒకటి కొత్త ఫ్యాక్టరీకి చోటు వెతుకుతా ఉండింది. చోటుదేముంది, ఎక్కడైనా దొరుకుతుంది, ముందు మనుషులు ఎట్లాంటివాళ్ళో చూడాలి అన్నారంట. అంటే పెళ్ళిచూపులే. పిల్లను సింగారించి చూపించే భారం మండలి ప్రత్యేకాధికారి (చేతులు) మోహన్‌రాజ్ మీద పడింది. ఈయన ఇంట్లో మనలాగే తెలుగు మాట్లాడుతాడు. ఆఫీసులో ఆ సంగతి ఒప్పుకోడు.

మోహన్‌రాజ్ మొదట మనల్ని గురించి ఒక రంగుల పుస్తకం అచ్చేయించినాడు. మనకే తెలియని మన గొప్పలు అందులో చాలా ఉన్నాయి. "మా పనివారికి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పొరుగున కన్నడం వచ్చును. కావున ఏ భాషలో తిట్టినా అర్థమగును, దుబాసీ ఖర్చు ఉండదు" అని మొదటి పేజీ. హొగేనక్కల్ జలపాతం కాడ గుండ్రటి పుట్టి పడవలు నడిపేవాళ్ళు సుడిలో ఎంతసేపు గిరగిరా తిరిగినా విసుక్కోరు కాబట్టి వాళ్ళను ఏ మెషీను ముందైనా నిలబెట్టవచ్చునంట. అక్కడే నూనె మర్దన చేసేవాళ్ళను గురించి, ఎంత పెద్దవారి వీపునైనా ఓపికగా రుద్దగలరు అని రాసినాడు. (ఆ విద్యలో తమకున్న అనుభవాన్ని పుస్తకంలో చేర్చలేదని మండలిలో కొందరు నొచ్చుకున్నారు.)

పుస్తకమైతే వచ్చింది, ఇక మనుషులు కావాలి. మోహన్‌రాజ్ జీపేసుకుని మొరప్పూర్ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగినాడు. ఊళ్ళలో ముసలివాళ్ళు, పిల్లకాయలు, మేకలు కనపడినారు. కాలూ చెయ్యీ ఆడేవాళ్ళంతా బెంగళూరులో ఇటుకలు మోస్తున్నారు. ఇంకొకడైతే సిగ్గుపడి వెనక్కి పోయేవాడు. మోహన్‌రాజ్‌కు అట్లాంటి బలహీనతలు లేవు. స్థానిక పనివారిని వెంటనే బెంగళూరు నుంచి తెప్పించవలెనని ఉత్తరువు రాసి, బస్సులు పంపినాడు. ఈ లోపల జీపులో ఊరూరా తిరిగి, ధర్మపురిలోనే ఉద్యోగాలని చెప్పించినాడు.

ఆ జీపు మా ఊరికీ వచ్చింది. మా ఇంటి పక్క పంచవర్ణం ఆ మాట విని కోడలు వళ్ళికి ఫోన్ చేసింది. వళ్ళి బెంగళూరులో కుప్పన్ మేస్త్రీ కింద సిమెంటు తట్ట మోస్తుంది. వారమంతా అక్కడే రేకుల షెడ్డులో పడుకుని, ఆదివారం ఒక్క పూటకు ఊరికి వచ్చి పోతుంది. కూతురు కీర్తిక ఇంకా బడికి పోని పిల్ల. తనను సాకుతున్న పంచవర్ణాన్ని "అమ్మా" అంటుంది. వళ్ళిని "ఆదివారం అమ్మా" అని పిలుస్తుంది. వినేవాళ్ళు నవ్వుతారు. వళ్ళి కూడా నవ్వుతుంది. ఆ నవ్వు నేనొకసారి చూసినాను, మళ్ళీ చూడాలని లేదు.

"ఈడనే పనంట వళ్ళీ," అన్నది పంచవర్ణం ఫోన్‌లో. "పొద్దున పోయి సాయంత్రం ఇంటికి రావచ్చునంట."

"సర్కారోళ్ళు చెప్పినారా, నువ్వే అనుకుంటా ఉండావా అత్తా?"

"జీపులో వచ్చి చెప్పినారు మే."

జీపులో వచ్చిన మాటను నమ్మకుండా ఎట్లా ఉంటాం? వళ్ళి మేస్త్రీని సెలవడిగింది.

"పో," అన్నాడు కుప్పన్. "నీ తట్ట మోసేదానికి ఇంకొకతె వస్తుంది. తిరిగొచ్చినంక నన్ను అడగవద్దు."

వళ్ళి తట్ట బోర్లించిపెట్టి, మండలి వారి బస్సెక్కింది.

ప్రదర్శన ధర్మపురిలో ఒక కల్యాణ మండపంలో జరిగింది. దానికి కుర్చీలు అద్దెకిచ్చినవాణ్ణి నేనే కాబట్టి అంతా కళ్ళారా చూసినాను. పనివాళ్ళకు కుర్చీలు వద్దన్నాడు మోహన్‌రాజ్. కూర్చుంటే వాళ్ళకు అలుపొస్తుందన్న గుట్టు బయటపడుతుందంట. అందరినీ గోడవారగా నిలబెట్టి నిబంధనలు చదివినాడు. నవ్వవలెను, కానీ పళ్ళు కనపడరాదు, ఎందుకంటే పళ్ళు చూస్తే తిండి గుర్తుకొస్తుంది. అరచేతులు చాచి చూపవలెను. కాయలు కాసిన చేతులవాళ్ళు ముందు వరుసలో ఉండవలెను. దగ్గు వచ్చేవాళ్ళు వంటింట్లోకి పోయి దగ్గవలెను. ఏమడిగినా "సిద్ధం" అని మాత్రమే చెప్పవలెను. (వంటింట్లో దగ్గుతున్నవాళ్ళు కూడా అక్కడి నుంచి "సిద్ధం" అనవచ్చును.)

కంపెనీ తరఫున దేవిప్రియ అనే మేడం వచ్చింది. మర్యాద తెలిసిన మనిషే. వరుసంతా చూసుకుంటా వచ్చి వళ్ళి ముందర ఆగింది.

"ఇప్పుడెక్కడ పని చేస్తున్నారమ్మా?"

"బెంగళూరులో మేడం."

"అక్కడ పనుంది కదా, మరి ఇక్కడికెందుకు రావాలనుకుంటున్నారు?"

సిద్ధం అనమని చెప్పినారు. వళ్ళికి ఆ మాట నోటికి రాలేదు. "సాయంత్రం ఇంటికి పోవచ్చునని మేడం," అన్నది. "నా కూతురు ఇంటికాడ ఉండాది. నన్ను సరిగ్గా ఎరగదు."

మేడం రాసేది ఆపి వళ్ళి మొహం చూసింది. "మాకూ ఇంటి దగ్గర పని కావాలనేవాళ్ళే కావాలి," అన్నది. "అట్లాంటివాళ్ళు పని వదిలిపోరు." నాకైతే ఆ క్షణంలో ఫ్యాక్టరీ మన ఊరికి వచ్చేసిందనే అనిపించింది.

ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అంటారు. మోహన్‌రాజ్‌కు ఆ రెండూ అబ్బలేదు. ఒక కూలిమనిషి ఇల్లూ పిల్లలూ అని మాట్లాడి జిల్లా పరువు తీసిందని ఆయనకు చెమటలు పట్టినాయి. గబగబా అడ్డమొచ్చినాడు.

"అట్లాంటి పట్టింపులు మా వాళ్ళకేమీ లేవు మేడం. పిల్లలున్నా, పండగైనా, జ్వరమొచ్చినా, ఎక్కడికి పిలిస్తే అక్కడికి వస్తారు. ఇదో, ఈ నిలబడినవాళ్ళంతా బెంగళూరు నుంచి వచ్చినవాళ్ళే. చెప్తే రేపే మళ్ళీ పోతారు. ఇల్లనేది మా పనివాళ్ళకు ఎప్పుడూ అడ్డం కాలేదు."

"అందరూ బెంగళూరు నుంచేనా?" అన్నది మేడం.

"అందరూ," అన్నాడు మోహన్‌రాజ్ రొమ్ము విరుచుకుని.

మేడం ఆ మాట రాసుకుని ముందుకు పోయింది. వళ్ళి అరచేతులు ఇంకా చాచే ఉన్నాయి, దించమని చెప్పేవాళ్ళు లేరు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా కుర్చీ ఒకటి ఎత్తి ఆ మహానుభావుడి నోటికి అడ్డం పెడదామనిపించింది. (పెట్టలేదు. నాకూ పై ఏడాది ప్రదర్శనకు కుర్చీలివ్వాలని ఉంది. మన జిల్లాలో సిద్ధంగా లేనివాడెవడు?)

తరవాత కంపెనీ నుంచి జవాబు వచ్చింది. ఇంత మంచి పనివారిని తామెక్కడా చూడలేదని, ధర్మపురి ప్రజలకు రుణపడి ఉంటామని రాసినారు. మనుషులు ఎట్లాగూ బెంగళూరుకే వస్తున్నారు కాబట్టి ఫ్యాక్టరీ అక్కడే కడుతున్నామని కూడా రాసినారు. మండలిలో మైసూర్‌పాక్ పంచినారు. "మన మనుషుల్ని చూసే కదా ఈ నిర్ణయం తీసుకున్నారు," అన్నాడు మోహన్‌రాజ్. అది అబద్ధం కాదు. జిల్లా పనివారు ఎంత దూరమైనా పోగలరని నిరూపించినందుకు ఆయనకు హోదా పెంచి, ప్రత్యేకాధికారి (చేతులు, కాళ్ళు) చేసినారు.

వళ్ళి కుప్పన్ మేస్త్రీ దగ్గరికే తిరిగిపోయింది. ఆమె తట్ట ఇంకొకతె నెత్తిన ఉంది. పనిలేకుండా షెడ్డులో కూర్చుని, ఉన్నవాళ్ళకు వంట చేసిపెట్టి, వాళ్ళు పెట్టింది తిన్నది. కొన్నాళ్ళకు కుప్పనే పిలిచినాడు. కొత్త కట్టడం ఒకటి చేతికొచ్చిందంట, మనుషులు చాలడం లేదంట.

"నువ్వు పని అడిగేదానికి పోయిన వైర్ల కంపెనీనే వళ్ళీ," అన్నాడు. "నీ అదృష్టం చూడు."

ఈ ఏడు మండలి వారు ఇంకొక రంగుల పుస్తకం వేసినారు. ప్రదర్శన ఫలితంగా ఆ కంపెనీ ద్వారా మన మహిళలకు ఉపాధి దొరికిందని అందులో ఉంది. పక్కనే వళ్ళి అరచేతుల ఫోటో వేసినారు. మొహం వేయలేదు, అది చేతుల విభాగం కిందికి రాదు.

మొన్న పంచవర్ణం కనపడితే, కోడలు ఎప్పుడొస్తుందని అడిగినాను.

"కంపెనీవాళ్ళు తొందర చేస్తా ఉండారంట," అన్నది. "కట్టడం ముగిసేదాకా ఆదివారం కూడా పనేనంట."