అక్కడ అవసరం ఎక్కువ

ఆదివారం పొద్దున పాస్టరు కుర్చీలు వేస్తున్నాడు. ఆయన హాలు జిరాక్స్ దుకాణం పై అంతస్తులో ఉంది. కిటికీలోంచి చూస్తే కాలేజీ గేటు కనిపిస్తుంది. కుర్చీకీ కుర్చీకీ మధ్య మనిషి పట్టేంత ఖాళీ వదిలాడు. అలా వేస్తే వచ్చినవాళ్లు కొద్దిమందే అయినా హాలు నిండినట్టుంటుంది. కాలేజీ పిల్లల కోసం సంఘం మొదలుపెట్టాక ఆయన నేర్చుకున్న మొదటి పాఠం ఇది. పదకొండింటికి ముందు ఆరాధన పెడితే హాస్టల్ నుంచి ఒక్కరూ రారన్నది తర్వాత తెలిసింది. పరీక్షల ముందు కిటకిటలాడే హాలు, ఫలితాలు వచ్చాక ఖాళీ అవుతుందన్నది ఇంకా తర్వాత తెలిసింది.

ఆ రోజు అనుకున్నది మామూలు కార్యక్రమమే. పాటలు, ప్రార్థన, వాక్యం, టీ. ఈలోగా భార్య ఒక కబురు చెప్పింది. ఆమె చెల్లెలు పొద్దున్నే ఫోన్ చేసిందట. కిందటి వారం వాళ్ల హాల్లో చోటు లేక పిల్లలు గోడలకు ఆనుకొని నిలబడ్డారట.

"నిలబడ్డారా? ఎంతమంది?" అన్నాడు పాస్టరు, ఎత్తిన కుర్చీ దించకుండానే.

"నేనెందుకడుగుతాను? అంతగా కావాలంటే మీరే ఫోన్ చేసి కనుక్కోండి."

ఆ చెల్లెలి మొగుడు, అంటే పాస్టరుకు తోడల్లుడు, అదే వీధి చివర ఒకప్పుడు జిమ్ నడిచిన సెల్లారులో ఇంకో విద్యార్థి సంఘం నడుపుతున్నాడు. ఇద్దర్నీ పంపింది ఒకే పెద్ద సంఘం. ఒక్క వీధికి రెండు హాళ్లు ఎందుకని అక్కడి పెద్దయ్యగారికి ఈమధ్య అనిపించింది. నెలాఖరు ఆదివారం స్వయంగా వచ్చి చూస్తానని, ఒక హాలు ఉంటుందని, రెండోది మూసేసి అక్కడి పాస్టరును సహాయకుడిగా వెనక్కి పిలిపిస్తానని చెప్పాడు. పాస్టరు ఇదివరకు ఆ పని చేసినవాడే. మైకు ఆన్ చేయడం, ఆఫ్ చేయడం తప్ప ఆయన్ను ఏదీ చేయనిచ్చేవారు కాదు.

వెనక్కి వెళ్లడం ఒక బాధ. తోడల్లుడి చేతిలో ఓడి వెళ్లడం దానికి పది రెట్లు. తోడల్లుడికి శ్రుతి రాదు. వాక్యం చెప్పేటప్పుడు ఫ్యాను తిరిగినట్టు చేతులు తిప్పుతాడు. పాస్టరు పెళ్లికి చుట్టంగా వచ్చి, ఫొటోల్లో పెళ్లికొడుకు కన్నా ముందు తనే నిలబడ్డాడు. అలాంటివాడి హాల్లో పిల్లలు నిలబడి వింటున్నారు.

పాస్టరు హాల్లో ఒక పద్ధతి ఉంది. ఆయన పెట్టిందే. ప్రార్థనకు ముందు ఎవరి అవసరం వాళ్లు చెప్పాలి. మిగతావాళ్లు దాని కోసం ప్రార్థన చేయాలి. చేసి ఊరుకోకుండా, ఆ వారంలో తమకు చేతనైంది చేయాలి. ఆ రోజు ఆ సమయానికి పాస్టరే లేచాడు.

"ఈ వీధి చివర మన సోదరుడి సంఘం ఉంది. పాపం, అక్కడ చప్పుడే గానీ సంగీతం లేదు. మన ప్రార్థన అవసరం వాళ్లకి ఎక్కువగా ఉంది."

చెప్పాక ఆయనకు కడుపులో మంట కాస్త తగ్గింది. ఆమెన్ అందరికన్నా గట్టిగా అన్నాడు.

మరుసటి ఆదివారం పాటలు మొదలుపెట్టబోతే గిటారు లేదు. వాయించే కుర్రాణ్ని అందరూ గిటారనే పిలుస్తారు. పాస్టరు వాడికి ఫోన్ చేశాడు.

"వందనాలన్నా. అక్కడ సంగీతం లేదని మీరే చెప్పారు కదా. వారమంతా ప్రార్థన చేశాను. చేసి ఊరుకోవద్దన్నారని వచ్చేశాను."

"మంచిదే. ఎప్పటిదాకా?"

"అవసరం తీరేదాకా అన్నా."

తిరిగి రమ్మనాలంటే కారణం చెప్పాలి. ఉన్నది ఒకటే కారణం, అది నోటితో చెప్పుకునేది కాదు. ఆ రోజు పాట ఒక్కొక్కరి నోట ఒక్కో దారిన పోయింది. ఇంటికి వెళ్లాక, తన చెల్లెలు ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెప్పమందని భార్య చెప్పింది. గిటారు పోయినందుకన్నా ఆ కృతజ్ఞతలకు పాస్టరు ఎక్కువ బాధపడ్డాడు.

అక్కడితో నోరు కట్టేసుకుంటే సరిపోయేది. కానీ ఆ వారం సెల్లారులో ఇంకా ఎక్కువమంది నిలబడ్డారని తెలిసింది. తర్వాతి ఆదివారం పాస్టరు మళ్లీ ప్రార్థన విన్నపంతో లేచాడు. పిల్లల్ని పిలిచినవాడికి కూర్చోబెట్టాలన్న ఆలోచన కూడా ఉండాలని, ఆ సోదరుడికి ఆ ఆలోచన కలగాలని ప్రార్థించమన్నాడు. ముందు వరసలో కెమిస్ట్రీ చదివే అమ్మాయి ఉంది. హాలు పనులన్నీ ఆమే చూస్తుంది కాబట్టి స్నేహితులు మేడమ్ అంటారు. ఆమె కళ్లు మూసుకోలేదు. కుర్చీల వైపు చూసింది.

రెండ్రోజుల తర్వాత పాస్టరు మెట్లెక్కుతుంటే కుర్చీలు ఎదురొచ్చాయి. కింద నీళ్ల క్యాన్ల బండి ఆగి ఉంది.

"సగమే తీసుకెళ్తున్నాం అన్నా," అంది మేడమ్. "మనవి ఎలాగూ ఎడంగా వేస్తున్నాం కదా. ఎక్కువున్నట్టేగా."

పాస్టరు గోడ వైపు జరిగి దారి ఇచ్చాడు. మోసినవాళ్లు సెల్లారులో సర్దడానికి ఉండిపోయారు. ఆదివారం కూడా అక్కడే ఉన్నారు. టీ ఫ్లాస్కు కుర్చీల వెనకే వెళ్లింది.

ఇక తేల్చేయాలనుకున్నాడు. మిగిలిన కొద్దిమందిని కూర్చోబెట్టి, ఎవరి సంఘంలో వాళ్లుండడం మంచిదని మొదలుపెట్టాడు. ఆ రోజు మిగతా కుర్చీలు లెక్క చూసుకోవడానికి వచ్చిన మేడమ్ చెయ్యెత్తింది.

"అంటే అన్నా, వాళ్లకి సాయం చేయడం తప్పంటారా?"

అందరూ ఆయన ముఖమే చూస్తున్నారు. తప్పనడం లేదని ఒప్పుకోక తప్పలేదు. ఒప్పుకున్నందుకు ఒళ్లు మండింది. ఆ మంటలో ఇంకో మాట జారింది. ఎంత సాయం చేసినా ఆ సోదరుడి వాక్యం పలచగానే ఉంటుందని, శ్రద్ధగా వినేవాళ్లు నలుగురు ఎదురుగా కూర్చుంటే అతను కాస్త జాగ్రత్తగా చెబుతాడేమోనని అన్నాడు. శ్రద్ధగా వినేవాళ్లు ఆ మాట కూడా శ్రద్ధగానే విన్నారు.

నెలాఖరు ఆదివారం హాల్లో పాస్టరు, ఆయన భార్య మిగిలారు. అంతలో ఆమెకు చెల్లెలి ఫోన్ వచ్చింది. సెల్లారు నిండిపోయిందట, టీ పోయడానికి మనిషి లేదట.

"వెళ్లొస్తానండీ. అవసరం ఎక్కువని మీరే అంటున్నారుగా," అని ఆమె మెట్లు దిగింది.

పెద్దయ్యగారు ముందు సెల్లారు చూసి, తర్వాత ఇక్కడికి వచ్చాడు. ఖాళీ కుర్చీల మధ్య ఒకదాంట్లో కూర్చున్నాడు. పాస్టరు వందనాలు చెప్పి నిలబడ్డాడు. మైకు ఆన్, మైకు ఆఫ్ అని మనసులో అనుకుంటున్నాడు.

"గిటారు వాయించే అబ్బాయిని ఎవరు పంపారని అడిగాను. 'మా అన్న' అని నీ పేరు చెప్పాడు," అన్నాడు పెద్దయ్యగారు. "కుర్చీలు ఎవరివన్నాను. మా అన్నవన్నారు. టీ పోసేది ఎవరా అని చూస్తే నీ భార్య."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పాస్టరు తెగించాడు.

"నిజం చెప్పాలంటే అయ్యగారూ, నేను..."

"చెప్పకు. ఇలాంటివి చెప్పుకుంటే విలువ పోతుంది."

తీర్పు ఆ వారంలోనే వచ్చింది. మనుషులు ఎక్కడుంటే హాలు అక్కడే కాబట్టి సెల్లారు ఉంటుంది. పై అంతస్తు మూసేస్తారు. అయితే ఉన్నదంతా ఇచ్చేసిన మనిషి మైకు పట్టుకొని పక్కన నిలబడడం తగదు. పాస్టర్లందరూ కలిసే వార్షిక సభలో, విద్యార్థి సంఘం మొదలుపెట్టి నేర్చుకున్న పాఠాలు చెప్పాల్సింది ఆయనే.

మిగిలిన కుర్చీలు దించడానికి పిల్లలే వచ్చారు. పనయ్యాక కూడా గిటారు కదల్లేదు. మీరు లేకుండా ఎలా అన్నా అని అడిగాడు. పాస్టరు వాడి భుజం మీద చెయ్యి వేశాడు. వీళ్లెవర్నీ తను పంపలేదని, అయినా తన మాట మీదే వెళ్లారని ఆయనకు అప్పుడు అర్థమైంది.

సాయంత్రం తోడల్లుడు ఇంటికి వచ్చాడు. టీ ఇస్తే ముట్టుకోలేదు.

"హాలు నాకే వచ్చింది అన్నయ్యా, కాదనను. కానీ పొద్దున లేస్తే పిల్లల నోట మా అన్న ఇలా అన్నాడు, మా అన్న అలా చేశాడు, ఇదే గోల. నేను వాక్యం చెబుతుంటే మీ పిల్లలు పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు వింటారు. ఇప్పుడు స్టేజీ కూడా మీకేనట."

పాస్టరుకు నెల తర్వాత ఆ రోజు అన్నం సయించింది. తిన్నాక, అందుకు సిగ్గు కూడా వేసింది.

సభ రోజు ఆయన చెప్పాల్సినవన్నీ సిద్ధం చేసుకునే వెళ్లాడు. కుర్చీల సంగతి, పదకొండు గంటల సంగతి, పరీక్షల సంగతి. మైకు ముందు నిలబడితే మూడో వరసలో తోడల్లుడు చేతులు కట్టుకొని కనిపించాడు. పక్క వరసలో తన మాట వినడానికని వచ్చిన గిటారు, మేడమ్ ఉన్నారు. పాస్టరు అనుకున్నవేవీ చెప్పలేదు.

"నేను ఎవరికీ ఏమీ ఇవ్వలేదండీ. మా తమ్ముడి హాలు నిండుతుంటే ఓర్వలేకపోయాను. కడుపు మంట తీర్చుకోడానికి దానికి ప్రార్థన అని పేరు పెట్టాను. పిల్లలు దాన్ని నిజం చేశారు. నేను నేర్చుకున్నది ఇదొక్కటే."

చప్పట్లు మొదలై హాలంతా లేచి నిలబడింది. పెద్దయ్యగారు మళ్లీ కళ్లజోడు తీశాడు. ఇంత వినయం తన సేవలో ఎన్నడూ చూడలేదని ఒక పాస్టరు పక్కవాడితో అన్నాడు.

ఆ సభలో ఆయన మాట నమ్మింది తోడల్లుడు ఒక్కడే.