ఎనిమిది ఎలుకలు, ఒక టింగు

...అయినా, ఫోను టింగుమనడం పీడ అని ఎవరన్నారు? వరం! టింగుమనగానే గుండె దడదడలాడుతుంది, ఒళ్లంతా చెమటలు పడతాయి, చేతిలోని కాఫీ చొక్కా మీదికి వస్తుంది. కూర్చున్న చోటే ఇంత వ్యాయామం ఏ జిమ్ము చేయిస్తుంది, మీరే చెప్పండి?

ఎలుకల గదిలో స్టూలు మీద కూర్చుని ల్యాబ్ టెక్నీషియన్ తనకు తానే ఇలా నచ్చజెప్పుకుంటున్నాడు. నిద్రలో కూడా ఉలిక్కిపడి లేస్తున్నాడని భార్య పక్క గదికి మారి వారమైంది. అదీ ఒక సౌకర్యమే, మంచం మొత్తం తనదే.

ఆయన ఉద్యోగం, చప్పుడు చేసి ఎలుకల్ని ఉలిక్కిపడేలా చేసి ఎన్ని ఎగిరాయో రిజిస్టర్లో రాయడం. ప్రతి మెదడులోనూ ఇద్దరు ఉద్యోగులుంటారట. ఒకాయన నోరెపినెఫ్రిన్. "లే, కొంప మునిగింది" అని కేకలెయ్యడం ఆయన డ్యూటీ. రెండో ఆయన కానబినాయిడ్. మెదడు సొంతంగా తయారుచేసుకునే సరుకు, గంజాయికి దగ్గర చుట్టం, లైసెన్సు అడిగేవాడు లేడు. "ఏం మునగలేదు, కూర్చోవయ్యా" అని మొదటాయన భుజం నొక్కుతాడు. ఇలాంటి సోమరికి ఆఫీసుల్లో చోటెక్కడిది? మెసేజ్ పెట్టిన రెండు నిమిషాల్లో జవాబు రావాలని పైఆఫీసరు ఆర్డరు.

శబ్దం చేసే యంత్రం పాడైతే, టెక్నీషియన్ తెలివిగా ఆ ఆఫీసరు మెసేజ్ టోన్‌నే వాడాడు. మొదటి రోజు ఎనిమిది ఎలుకలూ ఎగిరాయి. ఆయనా ఎగిరాడు.

ఇవాళ పదో రోజు. టోన్ నొక్కాడు. ఒక్క ఎలుకా తలెత్తలేదు. ఒకటి తీరిగ్గా మీసాలు దువ్వుకుంటోంది. నొక్కింది తానే అయినా, ఆయన మాత్రం లేచి నిలబడ్డాడు.

"వాటికేమైనా జబ్బు చేసిందా సారూ?" అంది బోనులు కడిగే ఆవిడ.

"లేదక్కా. ఆ చప్పుడు వల్ల ఏమీ కాదని వాటి మెదడుకి తెలిసిపోయింది."

"మరి మీకో?"

"నాకు ఉద్యోగం ఉంది కదక్కా."

"అవి మాత్రం చుట్టపుచూపుగా వచ్చాయా?"

టింగు. ఈసారి నిజంగా ఆఫీసరే. అప్పుడే మళ్లీ కూర్చున్న ఆయన లేవబోయాడు. రెండు చేతులా స్టూలు అంచు పట్టుకున్నాడు. గోడ గడియారంలో రెండు నిమిషాలు దాటాయి. కొంప మునగలేదు.

రిజిస్టరు దగ్గరికి లాక్కుని, ఎనిమిది ఎలుకల కింద ఇంకో వరుస గీసి రాశాడు: "తొమ్మిదోది. ఎగరలేదు."