తాయారు పెరుగు

ఆ ఆదివారం ఉదయం కూర్మన్నపాలెంలో గవర్రాజు పెట్టుకున్న పని ఒక్కటే: నూనె అట్లు మానేసి పెరుగన్నం తినడం. ముందురోజు స్కానింగులో ఆయన లివర్‌కి కొవ్వు పట్టిందని తేలింది. ఏనాడూ మందు ముట్టని తనకి ఇదేం జబ్బని ఆయన దిగులుపడుతుంటే, యూనివర్సిటీలో మైక్రోబయాలజీ చదువుతున్న కూతురు శ్రీసత్య ఒక కొత్త సంగతి చెప్పింది. మన పేగుల్లో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురం ఉంటాయట. వాటిలో మంచివాటిని పెంచితే లివర్‌లో కొవ్వు తగ్గుతుందేమోనని ఎలకల మీద చూస్తున్నారట.

"పెరుగులో ఉండేవేనా అమ్మా?"

"అలాంటివి కొన్ని. ఇంకా పరిశోధనే నాన్నా, మందు కాదు."

రెండో మాట గవర్రాజు చెవికెక్కలేదు. పెరుగుగిన్నె మూత తీసి, గర్భగుడిలోకి చూసినట్టు చూశాడు. కాపురానికి వస్తూ భార్య తాయారు తణుకు నుంచి స్టీలు గ్లాసులో, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన తోడు అది. రోజూ ఒక చెంచా మిగిల్చి మర్నాటి పాలల్లో వేసేది. ఆమె పోయిన రోజున కూడా ఇరుగుపొరుగు ఆడవాళ్ళలో ఎవరో గుర్తుపెట్టుకుని వంటింట్లోకి వెళ్ళి పాలు తోడుపెట్టింది. ఎవరో ఆయనకి ఇప్పటికీ తెలియదు. అంటే, ఆమె చేతిమీదుగా మొదలైన ప్రాణులు ఈ గిన్నెలో ఇంకా బతికే ఉన్నాయి.

ఆ ఆశ్చర్యాన్ని ఒక్కడే మోయలేక గోడవతలి గంగాధరరావుతో పంచుకున్నాడు. గంగాధరరావు ఫ్యాక్టరీ షిఫ్టు బస్సు దగ్గర చెప్పాడు. అక్కడ అది లివర్ మందయింది. టీకొట్టు దాటేసరికి షుగరుకీ, రైతుబజారు చేరేసరికి మోకాళ్ళకీ పనికొచ్చింది. మధ్యాహ్నానికి గుమ్మంలో గ్లాసులు బారులు తీరాయి. తాయారుంటే కాదనేది కాదని గవర్రాజు ఎవరినీ కాదనలేదు. చివర వచ్చినవాడికి గిన్నె కడిగి మజ్జిగ కూడా పోసేశాడు.

సాయంత్రం పాలు గోరువెచ్చగా చల్లారాయి. చెంచా తీశాక గాని, అందులో వేయడానికి ఏమీ లేదని ఆయనకి తెలియలేదు.

పంచె సర్దుకుని పరుగెత్తాడు. పట్టుకెళ్ళినవాళ్ళు దాదాపు అంతా మందు కదా అని ఒక్క గుక్కలో తాగేశారు. గంగాధరరావు మాత్రం చొక్కా ఎత్తి పొట్ట ఎడమవైపు తెల్లటి పట్టు చూపించాడు.

"తాగితే అది లివరుకి సుట్టు తిరిగెళ్ళాలి గదా బావ. అందుకే నాను లివర్ మీదే రాసీసాను."

వీధి చివర ముసలమ్మ దగ్గర సగం గ్లాసు మిగిలింది. కానీ దీపాలు పెట్టాక పెరుగు గడప దాటించకూడదని, తెల్లారి రమ్మంది. గవర్రాజు తెల్లవారకుండానే వెళ్ళాడు.

"పరగడుపునైతే బాగా పన్సేత్తాదని ఇప్పుడే ఏసీసుకున్నాను బావూ," అంది ముసలమ్మ.

ఆయన అరుగు మీద కూలబడ్డాడు. తాయారు రెండోసారి పోయినట్టనిపించింది. ఎండెక్కాక, తాయారున్ననాటి నుంచీ ఆ వీధిలో చేపలమ్మే కాసులమ్మ భీమిలి నుంచి గంపతో వచ్చింది. సంగతంతా విని గంప దించింది.

"దీనికేటి బావూ బెంగ? అమ్మగోరు ఎప్పుడో నాకు తోడిచ్చీసినారు. మా యీదంతా ఆ పెరుగే."

గంప ఖాళీ అయ్యాక గవర్రాజు ఆమె వెంట బస్సెక్కాడు. భీమిలి ఒడ్డున, వలలు ఆరేసిన సందులో, ఆమె ఒక్కో ఇంటి ముందూ ఆగి గిన్నె మూత తీయించింది. ప్రతి గిన్నెలోనూ అదే మీగడ, అదే పులుపు. వేటకి పోయేవాళ్ళు చద్దిలో కలుపుకుని పడవెక్కుతారట. తాను ఒక్క గిన్నెలో దాచుకుంటున్నాననుకున్న తాయారు, ఇన్నేళ్ళుగా రోజూ సముద్రం మీదికి వెళ్ళి వస్తోంది.  ఆయన వెంట తెచ్చుకున్న స్టీలు గ్లాసులో తోడు వేయించుకుని, గుడ్డ కట్టి, తిరుగు బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

అప్పట్నుంచి ఒక చెంచా తీసి దాచాకే ఆయన దానం మొదలవుతుంది. లివర్ కుడివైపు ఉంటుందని మాత్రం గంగాధరరావుకి ఇంకా ఎవరూ చెప్పలేదు.